లేటని కార్డులో ఉంది

నా చిన్నప్పుడు మా నాన్న పోయాడని అందరూ అనేవారు. ఎక్కడికి పోయాడో మాత్రం ఒక్కరూ చెప్పి చావలేదు. అప్పటికి నాకు నాలుగేళ్ళు. నాన్నని విశాఖపట్నం ఆసుపత్రికి తీసుకెళ్తూ నన్ను గొలుగొండలో అమ్మమ్మ దగ్గర దింపారు. తర్వాత అమ్మని ఎప్పుడు అడిగినా కళ్ళొత్తుకునేది. పోయినవాడు రాకపోతాడా అని నేను ఎదురుచూస్తూనే ఉన్నాను.

నాకు ఏడేళ్ళప్పుడు మా అక్క పెళ్ళి కుదిరింది. నర్సీపట్నంలో ఇంగ్లీషు శుభలేఖ వేయించడం అప్పట్లో ఓ గొప్ప. అందులో నాన్న పేరు కూడబలుక్కుని చదివాను. పేరుకి ముందు 'లేట్' అని ఉంది. ఆ మాట నాకు కొట్టినపిండి! బెల్లు కొట్టాక వెళ్తే నన్ను బడి గేటు బయట నిలబెట్టేది లేటనే కదా. అమ్మయ్య, నాన్న పెళ్ళికొస్తున్నాడు, కాకపోతే కాస్త ఆలస్యంగా వస్తాడు అనుకున్నాను. ఎవరికీ చెప్పకుండా ఆ సంతోషం నాలోనే దాచుకున్నాను.

పెళ్ళినాడు పందిట్లో ముందు వరసలో ఒక కుర్చీ పట్టుకుని నిలబడ్డాను. ఎవరినీ కూర్చోనివ్వలేదు.

"ఏటే ఆ కాపలా? బేగి వదులు, మగపెళ్ళోరు నిలబడిపోనారు" అని మా పెద్దమ్మ రెక్క పట్టి లాగింది.

"ఇది నాన్నది! లేటుగా వస్తాడని కార్డులో ఉంది!" అని పందిరి ఎగిరిపోయేలా అరిచాను.

పెద్దమ్మ చేయి వదిలేసింది. గుమ్మంలో ఉన్న అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

కాన్వెంటులో ఇంగ్లీషు చెప్పే పక్కింటి అక్క వచ్చి, పట్టుచీరతోనే నా పక్కన నేలమీద కూలబడింది. నాన్న చచ్చిపోయాడమ్మా, ఇంక రాడు అని మెల్లగా చెప్పింది. ఆ మాట నోట రాక మనవాళ్ళు పోయాడంటారట, ఇంగ్లీషువాళ్ళు లేట్ అంటారట. పాతకాలంలో ఆ లేట్ అనే మాటకి నెమ్మదైనదని, ఇంకా వెనక్కి వెళ్తే అలిసిపోయినదని అర్థమట.

"మీ నాన్న మరి అలిసిపోనాడే తల్లీ" అంది.

ఆవిడ భుజం తడిసేలా ఏడ్చాను. తర్వాత ఆ కుర్చీ ఈడ్చుకెళ్ళి గుమ్మంలో అమ్మకి వేశాను.

ఇప్పుడు నేనూ టీచర్నే. పిల్లలకి చెప్పాల్సిన మాట దాచను, తిట్లు తిన్నా సరే. బెల్లు కొట్టాక రొప్పుకుంటూ వచ్చిన పిల్లల్ని బయట నిలబెట్టమంటే మాత్రం నా వల్ల కాదు. హెడ్మాస్టరుగారు గొణుక్కుంటారు. గొణుక్కోనీ. లేటుగానైనా వచ్చారు కదా!