లాభం, రెండు, మూడు

2006 ఎండాకాలం. అనకాపల్లిలో ఒక మందుల షాపు మేడ మీద హాలు అద్దెకు తీసుకుని యోగా, ధ్యానం నేర్పడం మొదలుపెట్టి అది మూడో ఏడు. కింద ఆటోల హారన్లు, పైన రేకుల కప్పు, మధ్యలో నేను "ప్రశాంతంగా కళ్ళు మూసుకోండి" అంటూ. ధ్యానం నేర్పేవాళ్ళకి కోపం రాదనుకునేవాళ్ళు తగిలినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. వస్తుంది బాబూ, బాగానే వస్తుంది. ఆ ఏడాది అందరికంటే ఎక్కువ తెప్పించినవాడు దానియేలు.

యాభై ఎనిమిదేళ్ళ మనిషి. బెల్లం మార్కెట్లో కాటా వేసే పని. చిన్నప్పుడు చెరుకు తోటలో ఆకు కోసుకుని ఒక కన్ను పోయింది. రెండో కంట్లో శుక్లం ముదిరింది. ఆపరేషన్‌కి రెండుసార్లు బల్ల ఎక్కించారు, రెండుసార్లూ బీపీ చూసి దించేశారు. ఇంట్లో మామూలుగా ఉండే బీపీ డాక్టరు కనపడగానే ఎగిసిపడడాన్ని వైట్ కోట్ హైపర్‌టెన్షన్ అంటారు. తెల్లకోటు చూస్తే వచ్చే రక్తపోటన్నమాట. ఉన్నది ఒక్క కన్ను కాబట్టి కంటి డాక్టరుగారు తెగించలేకపోయారు.

"మందు వేసుకుంటూనే ఉన్నాడు. బల్ల ఎక్కితేనే భయం. మూడు వారాల్లో ఆ భయం కాస్త తగ్గించమ్మా. ఇంకా ఆలస్యమైతే ఆ కన్ను నా చేతిలో ఉండదు" అని నా దగ్గరికి పంపించారు.

మొదటిరోజు భార్య మరియమ్మ చెయ్యి పట్టుకుని మెట్లెక్కాడు. పనికి వెళ్తున్నారా అని అడిగాను.

"మానేసేనమ్మా. కాటా ముల్లు ఆనట్లేదు. కోటపాడు రైతుకి తూకం తప్పు సెప్పేసేను. మళ్ళీ తూపించేరనుకోండి. అయితే మాత్రం, ముప్పయ్యేళ్ళ మాట పోనాది కదా" అన్నాడు.

అతనికి బ్రెత్ కౌంటింగ్ మొదలుపెట్టాను. ఊపిరి వదిలినప్పుడల్లా ఒక అంకె, అలా పది దాకా, మళ్ళీ మొదటినుంచి. ఇంతకంటే తేలికైనది మా విద్యలో లేదు. పసిపిల్లలకి కూడా వస్తుంది.

"కళ్ళు మూసుకుని పైకే లెక్కపెట్టండి" అన్నాను.

"లాభం" అన్నాడు దానియేలు. "రెండు... మూడు..."

"ఆగండి. ఒకటి అనండి."

"లాభం."

"లాభం కాదండీ, ఒకటి!"

"ఓలమ్మ, మొదటి తూకాన్ని ఒకటనకూడదమ్మా. ఒకటంటే ఒకటితోనే ఆగిపోతాదని మా అయ్య సెప్పేవోడు. బెల్లమైతే పోనీ. ఊపిరి ఒకటితోనే ఆగిపోతే నా గతేటి?"

ఆ ఆనవాయితీ నాకు తెలియక కాదు. మా తాతయ్య కల్లంలో ధాన్యం కొలిచినప్పుడు మొదటి కుంచానికి లాభమనే అనేవాడు. కానీ ఇది ధ్యానం కదా, పద్ధతి పద్ధతే అని నా పట్టుదల. ఆ పూటకి లాభంతోనే పోనిచ్చాను. ఆరు దాకా వచ్చి "ఆరున్నొక్కటి" అన్నాడు.

"అదేమిటి మళ్ళీ? ఏడు!"

"ఏడు అంటే ఏడవమన్నట్టుంటాది. కాటా కాడ ఆ మాటనం."

"మీ చర్చిలో ఏడు మంచి అంకె అంటారు కదండీ?"

"సర్చిలో మంచిదేనమ్మా. కాటా కాడ కాదు."

తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

రెండు వారాలు ఇదే తంతు. నేను ఒకటి అనడం, అతను లాభం అనడం. మధ్యలో కళ్ళు తెరిచి "ఫ్యాను బేరింగు పోనాదమ్మా, సప్పుడు ఇనలేదేటి?" అని నన్నే అడగడం. నేను చేతికి బీపీ పట్టీ చుట్టగానే నూట ఎనభై. ఆ బ్యాచ్‌లో ఇద్దరు స్కూలు టీచరమ్మలు ఉండేవారు. ఒకరోజు మొదటి ఊపిరికి వాళ్ళిద్దరూ కూడా "లాభం" అని పకపకా నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఇది ధ్యానం హాలా, బెల్లం మార్కెట్టా? మీ కన్ను కోసం నేను గొంతు చించుకుంటుంటే మీకు వేళాకోళంగా ఉందా? ఒక్క మాట మార్చుకోలేనివారు రావడం దేనికి?" అని దానియేలు మీద అందరి ముందూ అరిచాను.

అతను లేచాడు. చేత్తో తడుముకుంటూ చెప్పులు వెతుక్కున్నాడు. మర్నాడు రాలేదు. ఆ తర్వాత రెండు రోజులూ రాలేదు.

నా గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. అప్పటికి పదేళ్ళుగా రోజూ తెల్లవారకుండానే లేచి గంటసేపు ధ్యానంలో కూర్చునేదాన్ని. కదలకుండా కూర్చోగలుగుతున్నాను కాబట్టి సాధన బ్రహ్మాండంగా సాగుతోందని మురిసిపోయేదాన్ని. కూర్చున్నంతసేపూ శాంతమే, లేచాకే తంటా. ఆ మూడు రోజులు కూర్చోవడం కూడా కుదరలేదు. ఒకటి అనుకోగానే చెప్పుల కోసం తడుముకునే ఆ చెయ్యి కనిపించేది. సిగ్గేసేది. ఆ సిగ్గుకి మళ్ళీ చిరాకు. ఆపరేషన్ చూస్తే ఇంకో మూడు రోజుల్లో ఉంది.

నాలుగో రోజు బీపీ మిషను సంచిలో వేసుకుని, మార్కెట్ వెనక సందులో ఉన్న వాళ్ళింటికి వెళ్ళాను. గుమ్మంలోనే మరియమ్మ ఎదురైంది.

"రండమ్మా. మీరు కసిరిన కాణ్ణించి బేగి బేగి తినేసి, మంచమెక్కి తూకమేత్తన్నాడు."

"ఏం తూకం?"

"ఊపిరమ్మా! పొద్దూ మాపూ అదే పని."

లోపల దానియేలు ఆపరేషన్ బల్ల మీద ఉన్నట్టే మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. పెదవులు కదులుతున్నాయి. నా గొంతు విని లేవబోయాడు. పడుకోమని పట్టీ చుట్టాను. వెంటనే బిగుసుకుపోయాడు. నా నోటి దాకా వచ్చిన ఒకటిని మింగేసి, "లాభం అనండి బాబూ" అన్నాను.

"అనమంటారేటి?"

"అనండి."

లాభం, రెండు, మూడు... ఆరున్నొక్కటి... పది. మళ్ళీ లాభం. అలా ఎన్ని విడతలో. మిషను నూట ముప్పై ఎనిమిది చూపించింది. నమ్మలేక మళ్ళీ చూశాను. అంతే ఉంది. ముప్పయ్యేళ్ళుగా ఆ లెక్క మీదే ఈ మనిషి మనసు, చెయ్యి నిలకడగా ఉన్నాయి. నేను అది లాగేసి నా ఒకటిని అంటగట్టబోయాను. ఈ బుద్ధి రెండు వారాల కిందట ఏ గడ్డి మేస్తోందని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆపరేషన్ రోజున థియేటర్ తలుపు బయట మరియమ్మ పక్కన కూర్చున్నాను. ఆమె ప్రార్థన చేసుకుంటోంది, నేను గడియారం చూసుకుంటున్నాను. చివరికి డాక్టరుగారు మాస్కు దించుకుంటూ బయటికొచ్చారు.

"సూది వేసేదాకా లాభం, రెండు అంటూనే ఉన్నాడమ్మా. ఏం అమ్ముతున్నావు తాతా అని మా నర్సు అడిగింది."

"బీపీ?"

"పెరగలేదు. పని బాగా అయింది."

మరియమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను.

పది రోజుల తర్వాత దానియేలు నల్లకళ్ళద్దాలతో, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా మెట్లెక్కి వచ్చాడు. గుమ్మంలో నిలబడి, అద్దాలు తీసి, నన్ను ఎగాదిగా చూశాడు.

"మేడంగారు లేరేటమ్మా?"

"నేనేనండీ."

"ఓలమ్మో! మీరింత సిన్నోరేటి? ఆ కసుర్లు ఇని ముసలావిడనుకున్నాను!"

టీచరమ్మలిద్దరూ పడీపడీ నవ్వారు. అప్పటికి నాకు ముప్పై నాలుగేళ్ళు. కోపం రాబోయింది, అబద్ధమెందుకు. నోరు తెరిచే ముందు ఒక్క ఊపిరి వదిలి, లోపల "లాభం" అనుకున్నాను. పదేళ్ళ సాధనలో కళ్ళు తెరిచి, మనుషుల మధ్య నిలబడి నేను చేసిన మొదటి ధ్యానం అదే. ఈ వృత్తిలో నన్ను నిలబెట్టినదీ అదే. ఇప్పటికీ విసుగొస్తే అక్కణ్ణించే మొదలుపెడతాను. చాలాసార్లు ఆరున్నొక్కటి దాకా వెళ్ళాల్సి వస్తుంది.