దేవుని బియ్యం

నా భార్య చనిపోయిన తర్వాత మూడు నెలలు నేను చర్చికి పోలేదు. కోపం వల్ల కాదు. ఆదరణ కూడికలో అందరూ నా చేతులు పట్టుకుని, ఆమెను పునరుత్థాన దినాన మళ్లీ చూస్తావు అన్నారు. చావు జరిగిన ఇళ్లకు పోయినప్పుడు ముప్పై ఏళ్లుగా నేనూ ఆ మాటే అన్నాను. ఇప్పుడు నమ్ముతున్నానా అని నన్ను నేను అడిగితే జవాబు రాలేదు. జవాబు లేకుండా పోయి అక్కడ కూర్చోవడం అబద్ధమనిపించింది.

మార్కాపురంలో టీచరుగా చేసి రిటైరయ్యాను. మాది అక్కడికి బస్సులో అరగంట దూరంలోని పల్లె. వంట ఎన్నడూ చేయలేదు. మొదట రెండు నెలలు చర్చి ఆడవాళ్లు వంతులేసుకుని అన్నం తెచ్చారు. కూలికి పోయేవాళ్లకు అది భారమని నేనే వద్దన్నాను. పొయ్యి పక్కన ఒక రేకు డబ్బాలో బియ్యం కనబడితే అవే వండుకుంటూ వచ్చాను. ఒక రోజు జావ, ఒక రోజు పలుకు.

ఒక శనివారం పొద్దున, చర్చి స్త్రీల సమాజం తరఫున నెలనెలా బియ్యం పోగుచేసే ఆమె వచ్చింది. నాకు వరసకు మరదలు.

"డబ్బా ఇయ్యి బావా. ఇన్నాళ్లూ అడగబుద్ధి కాలే."

"ఏ డబ్బా?"

"అక్క పిడికెడు బియ్యం వేసే డబ్బా."

మా వాళ్లలో ప్రతి ఇల్లాలూ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి దేవునికని పక్కన పెడుతుంది. ఆ సంగతి నాకు తెలుసు. మా ఇంట్లో అవి ఎక్కడ పెడుతుందో మాత్రం ఎప్పుడూ చూడలేదు. అడుగున రెండు గుప్పెళ్లు మిగిలిన డబ్బా తెచ్చి చూపించాను.

ఆమె తొంగి చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "దేవుని బియ్యం తిన్నావా బావా! అంత చదువు చదివి!"

"తెలియక తిన్నాను."

"దేవుడు ఏమనుకోడులే, ఆయనకేమన్నా ఆకలా? ఇవి పోయేది చివరింటి అవ్వకు. పోయి ఆమెకు చెప్పుకో."

దుకాణంలో బియ్యం కొనుక్కుని పోయాను. అవ్వ భర్తా, ఇద్దరు కొడుకులూ ఆమె కళ్లముందే పోయారు. ఇప్పుడు చూపు కూడా సరిగా లేదు. మంచం మీద కూర్చుని నేను చెప్పింది విన్నది.

"ఆకలైతే తినక ఏం చేస్తావు నాయనా. ఆ గూట్లో బైబిలు ఉంది, రవ్వంత చదివి పో."

దారం పెట్టి ఉన్న పేజీ తెరిచాను. తమ్ముడు చనిపోతే అక్కలిద్దరూ ఏడ్చే అధ్యాయం. ఆలస్యంగా వచ్చావని ఒక అక్క ప్రభువును నిష్ఠూరమాడింది. ఆయన కన్నీళ్లు పెట్టుకునే చోటికి వచ్చి ఆగిపోయాను. పుస్తకం మూశాను.

"ఏంది ఆపినావు? ఆయన లేపేది ఇంకా రాలేదు కదా."

"నీకు తెలిసిందే కదా అవ్వా."

"తెలుసు. ఒక్కదాన్నే ఉంటే నాకూ నమ్మబుద్ధి కాదు. ఎవరన్నా చదువుతాంటే అయితది. చదువు."

ఈ మూడు నెలలూ నేను ఆ ప్రశ్నను ఒక్కడినే కూర్చుని అడుగుతూ వచ్చాను. అది అప్పటిదాకా నాకు తట్టలేదు. మళ్లీ తెరిచి, రాయి పక్కకు తీసి, చనిపోయినవాడు బయటికి వచ్చేదాకా చదివాను. అవ్వ ఆమెన్ అంది. కొంచెం ఆగి నేనూ అన్నాను.

మరునాడు ఆరాధనకు పోయాను. అవ్వను చేయి పట్టుకుని నడిపించాల్సి వచ్చింది. అందుకని ఆలస్యమైంది.