ఉత్తర ద్వారం బయట

ముప్పై ఒక్క ఏళ్ళుగా నీళ్ళ ట్యాంకు దగ్గర వాల్వులు తిప్పేది ఆయనే. అందుకే అందరికీ ఆయన "వాల్వు బాబాయి". ఏ వీధికి ఏ పూట నీళ్ళు వదలాలో కాగితం చూడకుండా చెప్పేవాడు.

ఒకరోజు కూతురు ఫోన్‌లో ఒక పేజీ చూపించింది. అంతర్జాలంలోని విజ్ఞాన సర్వస్వంలో, కొండమీది పాతకోట ముట్టడి గురించి నాలుగే వాక్యాలు. "బావి ఎండిపోవడంతో నలభయ్యో రోజున కోట లొంగిపోయింది. ప్రాణనష్టం స్వల్పం."

"ఏ బావి అమ్మా? కోటలో మూడున్నాయి కదా!"

"అయితే నువ్వే దిద్దు నాన్నా. ఎవరైనా దిద్దొచ్చు."

దిద్దాడు. రెండు గంటలు తిరక్కుండానే ఎవరో తీసేశారు. "ఆధారం చూపండి" అని పక్కనే ఒక ముక్క. చిన్నప్పుడు ఆ బావుల్లోకి రాళ్ళు విసిరిన మనిషికి అది తల కొట్టేసినట్టయింది. పంతం పట్టి ప్రతి ఆదివారం లైబ్రరీకి వెళ్ళాడు. నాలుగో ఆదివారం లైబ్రేరియన్ ఒక చెదలు పట్టిన పుస్తకం తెచ్చి ముందు పెట్టాడు. ముట్టడించిన సైన్యంలోని లేఖకుడు రాసుకున్నదానికి అనువాదం అది.

పన్నెండో రోజున, నీళ్ళు చాలవని, ఆయుధం పట్టలేనివాళ్ళను కోట దొర ఉత్తర ద్వారం గుండా బయటికి పంపేశాడట. ముసలివాళ్ళు, కుంటివాళ్ళు, చంటిపిల్లల తల్లులు, మొత్తం రెండువందల అరవై మంది. బయట సైన్యం దారివ్వలేదు. లోపలివాళ్ళు తలుపు తీయలేదు. అందరూ కందకంలోనే ఉండిపోయారు. "తొమ్మిదో రోజు తర్వాత అరుపులు వినిపించలేదు" అని రాసి, లేఖకుడు ఆ కింద గుర్రాల గడ్డి సంగతి ఎత్తుకున్నాడు.

బాబాయి పుస్తకం మూసేశాడు. ఉత్తర ద్వారం కందకం పూడిపోయి ఇప్పుడు గోడ కింది సన్నవీధి అయింది. ఆరేళ్ళ కిందట, కరువు వేసవిలో, పైవీధులకు ప్రెజర్ తగ్గకూడదని అధికారి చెబితే, ఆ వీధికి పంతొమ్మిది రోజులు నీళ్ళు కట్టేసింది ఆయనే. ఒక ముసలామె రోజూ ప్లాస్టిక్ బిందెతో పంపుగది గుమ్మంలోకి వచ్చి నిలబడేది. "పైనుంచి ఆర్డరమ్మా, నా చేతుల్లో ఏముంది?" అనేవాడు, వాల్వు చక్రం చేత్తో పట్టుకునే. ఒకరోజు నుంచి ఆమె రావడం మానేసింది. పోనీలే, గొడవ వదిలింది అనుకున్నాడు.

ఆ పుస్తకం చదివినప్పటినుంచి సన్నవీధి వాల్వు కట్టినప్పుడల్లా గొట్టంలోంచి చాలామంది ఒక్కసారి ఊపిరి పీల్చినట్టు వినబడసాగింది. అది గాలి చప్పుడేనని కొత్తగా చేరినవాళ్ళకు చెప్పినవాడు ఆయనే. అయినా చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసేది.

"ఏవండీ, ఎన్నడో పోయినవాళ్ళ కోసం ఇప్పుడు మీరు అన్నం మానేస్తే ఎలా?" అంది భార్య. ఆ బిందె సంగతి ఆమెకు చెప్పలేక నీళ్ళు నమిలాడు.

వ్యాసం మళ్ళీ రాశాడు. "ఇంత చిన్న ముట్టడికి ఇంత వివరం దేనికి?" అని అడిగాడు అవతలి సంపాదకుడు.

"లోపల చచ్చినవాళ్ళనే లెక్కపెట్టారు కాబట్టి నష్టం స్వల్పం. బయటికి గెంటినవాళ్ళూ ఆ కోట మనుషులేనండీ" అని రాసి, పుస్తకంలో పేజీ సంఖ్య ఇచ్చాడు.

రెండు రోజులకు జవాబు వచ్చింది: "సరే, ఉంచుతున్నాను."

మనసు మాత్రం తేలికపడలేదు. ఒక ఉదయం డ్యూటీ దిగి నేరుగా సన్నవీధికి వెళ్ళాడు. గుమ్మం ముందు గిన్నెలు తోముతున్న ఒకామెను అడిగాడు. "అమ్మా, కరువప్పుడు పంపుగది దగ్గరికి రోజూ ఒక పెద్దావిడ వచ్చేది..."

"ఏ పెద్దావిడ అన్నా? ఆ ఎండాకాలం ఈ వీధిలోనే నలుగురు ముసలమ్మలు పోయారు. మనిషి ఎలా ఉండేది?"

బాబాయి నోరు తెరిచాడు. బిందె గుర్తుంది, నీలం రంగు. ముఖం ఎంత వెతికినా దొరకలేదు. ఏనాడైనా చూస్తే కదా!

ఆమె చేతులు కడుక్కుని నలుగురి గురించీ చెప్పింది. ఒకావిడ నీళ్ళకోసం గట్టు ఎక్కుతూ పడిందట. ఇంకొకావిడ కోడలికి చెప్పకుండా తన వంతు పిల్లలకు పోసేసేదట. వింటుంటే నలుగురూ ఆమేననిపించింది.

రిటైరయ్యేదాకా ఆ ఒక్క వాల్వును మాత్రం తోటి ఉద్యోగి చేతే కట్టించాడు. ఎందుకని అతను ఒక్కసారే అడిగాడు. బాబాయి ముఖం చూశాక మళ్ళీ అడగలేదు.