పడుగు అయిపోయాక వేయించుకుందామన్న సూది

నలభై రెండేళ్ల కాపురంలో మా ఆయన నన్ను చెయ్యి అందించమని అడగడం అదే మొదటిసారి. అంతకు ముందన్నీ ఆజ్ఞలే. ఆ రోజు పొద్దున మగ్గం గుంతలోంచి పైకి లేవలేకపోయాడు. గట్టు మీద రెండు చేతులూ ఆనించి ఆయాసపడుతున్నాడు. పట్టి లాగితే ఒళ్లు పెనంలా కాలుతోంది. మాది ఎమ్మిగనూరు, చీరలు నేసే ఇల్లు. ఇది 2006 చలికాలం మాట. అప్పటికి ఆయనకు అరవై ఎనిమిదేళ్లు, పదేళ్లుగా షుగర్.

మూడు రోజులుగా జలుబు, దగ్గు, ఒళ్లు నొప్పులు ఉన్నాయి. నూలు దుమ్ముకు వచ్చే దగ్గే అనుకున్నాను. మా వీధిలో దగ్గని మగవాడు ఎవరున్నారు గనక? మిరియాల కషాయం కాచి పోసి, చేదు పోవడానికి బెల్లం ముక్క చేతిలో పెట్టాను. షుగర్ మనిషికి బెల్లం! నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మా ఊరి డాక్టరు వీపు మీద స్టెతస్కోప్ పెట్టి చాలాసేపు విన్నాడు. "కుడిపక్క ఊపిరి సరిగా ఆడ్తా లేదమ్మా. ఈడ కాదు, ఇప్పుడే కర్నూలుకు పోండి" అన్నాడు. ఇంకేదో అనబోయి ఆగిపోయాడు. ఆయన మింగేసిన మాట ఏమిటో నాకు తెలుసు.

దసరాకు ముందే ఆ డాక్టరు మా ఆయనకు చెప్పాడు. "వీరన్నా, వయసు మీదపడింది, షుగర్ ఉండాది. ఫ్లూ వ్యాక్సిన్ వేపిచ్చుకో. కర్నూలు నుంచి ఐసుపెట్టెలో తెప్పిస్తా."

"సూదేస్తే చెయ్యి నొస్తాదంట గదా సార్" అన్నాడు మా ఆయన. "ఒక చేత్తో మగ్గం తాడు లాగాల, ఇంగో చేత్తో పలక కొట్టాల. యే చెయ్యి ఇమ్మంటావు? ఈ పడుగు అయిపోనీ, నేనే వస్తా."

మా ఇళ్లల్లో పడుగు, అంటే మగ్గం మీద నిలువునా బిగించిన నూలు, అయిపోవడమనేది ఉండదు. పాత పడుగు మూరెడు మిగలగానే, కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటిగా దాని కొసలకు అతుకుతాం. మగ్గం ఊరికే నిలబడితే ఇంటికి మంచిది కాదనేది మా అత్త. అతికే పని ఆడవాళ్లది. వ్యాక్సిన్ వచ్చిందని డాక్టరు కబురు చేసిన వారంలోనే నేను తలవంచుకు కూర్చుని వేల పోగులు అతికాను. ఆయన మళ్లీ గుంతలోకి దిగాడు. డాక్టరు చూసి చూసి ఆ సూది వేరేవాళ్లకు వేసేశాడు. మా ఆయనను మొండివాడని ఎలా అనను? అతికింది నేనే కదా.

కర్నూలులో ఎక్స్‌రే తీశారు. వేలికి క్లిప్పు పెట్టి, రక్తంలో ఆక్సిజన్ శాచురేషన్ ఎనభై నాలుగే ఉందన్నారు. "ఫ్లూ వచ్చింది, దాని మీద న్యుమోనియా పట్టుకుంది" అని పెద్ద డాక్టరు చెప్పాడు. ఐసీయూ, ఆక్సిజన్ మాస్క్, యాంటీబయాటిక్స్. రెండో రోజు కాస్త తేరుకున్నాడని సంబరపడ్డాను. మూడో రోజు శాచురేషన్ మళ్లీ పడిపోయింది. "వెంటిలేటర్ పెట్టాల్సి రావచ్చు" అని కాగితం ఇచ్చారు. సంతకం పెట్టాను.

"ఆ సూది యేసింటే ఇట్ల అయ్యేది కాదా సార్?" అని అడిగేశాను.

"జ్వరమే రాకపోయేదని చెప్పలేనమ్మా" అన్నాడాయన. "కానీ వ్యాక్సిన్ వేసుకున్నవాళ్లు ఐసీయూ దాకా రావడం తక్కువ."

దేవుడి దయ, వెంటిలేటర్ అవసరం పడలేదు. ఆరో రోజు మాస్క్ పక్కకు జరిపి ఆయన అన్న మొదటి మాట: "మగ్గం మీద బట్ట కప్పినావా? యెలకలు కొరుకుతాయి."

"నీ మగ్గం మన్నైపోను! నువ్వు బతికినావు, అది సాలదా?" అని నర్సుల ముందే అరిచేశాను. ఆ వెంటనే ఏడ్చేశాను. అంత హాయిగా నేనెప్పుడూ ఏడవలేదు.

ఇంటికొచ్చాక వీధి చివరిదాకా నడవడానికి నెల పట్టింది. మళ్లీ గుంతలో దిగేసరికి ఉగాది దాటింది.

మరుసటేడు దసరా ముందు పాత పడుగు మూరెడు మిగిలింది. కొత్తది ఇంట్లో సిద్ధంగా ఉంది. నేను ముట్టుకోలేదు.

"యేమే, యెప్పుడు అతుకుతావు?"

"నువ్వు సూది యేపిచ్చుకొచ్చినాక."

మూడు రోజులు మగ్గం ఊరికే నిలబడింది. ఇరుగుపొరుగువాళ్లు గొణిగారు. ఆయన కోపంతో నా చేతి అన్నం కూడా సరిగా తినలేదు. నాలుగో రోజు చొక్కా తొడుక్కుని, "పా, నీ పంతమే గెల్సింది" అన్నాడు.

డాక్టరు ఆయనకు సూది వేసి, నావైపు తిరిగాడు. "నీకెన్నేండ్లమ్మా?"

"అరవై దాటినాయి సార్. నాకెందుకులే."

"దానికీ యెయ్యి సార్" అన్నాడు మా ఆయన. "అది పడకేస్తే నన్ను కర్నూలుకు యీడ్చుకపోయేదెవురు?"

నా వయసు మనిషి సిగ్గుపడితే నవ్వుతారు. అయినా సిగ్గుపడ్డాను.

ఆయన చెయ్యి రెండు రోజులు నొప్పి పెట్టింది, అంతే. ఏటా ఇద్దరం వేయించుకుంటున్నాం. పోయిన చలికాలంలో ఆయనకు జ్వరం తగిలింది. నాలుగు రోజులు గంజి తాగి పడుకున్నాడు, అయిదో రోజు లేచి పప్పులో ఉప్పు లేదని పోట్లాడాడు. ఆసుపత్రి గడప తొక్కలేదు.

నేను చెప్పేది ఒక్కటే. మీ ఇంట్లో పెద్దవాళ్లు 'ఈ పని అయిపోనీ, వేయించుకుంటా' అంటే, ఆ పని ఏ రోజుకు అయిపోతుందో అడగండి. చెప్పలేకపోతే డాక్టరు దగ్గరికి అప్పుడే బయలుదేరదీయండి. ఆ పనిలో మీ చెయ్యి కూడా ఉంటే, మీ చెయ్యి ఆపేయండి. తిడతారు. తిట్టనీయండి, తిట్టడానికి మనిషి ఉంటాడు.