తూటా కొలిచిన చేతులు

నా చిన్నప్పుడు, తొంభైల్లో, మేం బహ్రెయిన్‌లో ఉండేవాళ్ళం. జింజ్ అనే పేటలో ఒక పెద్దింటి వెనక గది మాది. అమ్మ ఆ ఇంట్లో వంట చేసేది, నాన్న కారు నడిపేవాడు. యజమానికి తుపాకీ పిచ్చి. గురి చూసి కాల్చే పోటీల కోసం తూటాలు సొంతంగా తయారు చేయించేవాడు. కాకినాడలో లేత్ మెషీన్ మీద పనిచేసిన చెయ్యి కదా అని, ఆ పని కూడా నాన్న మీదే పడింది.

ఇత్తడి గొట్టంలో తుపాకీ మందు పోసి, పైన గుండు కూర్చి నొక్కాలి. ఆ గుండు ఎంత లోతు దిగిందో వెర్నియర్ అనే సన్నకొలతల పరికరంతో కొలవాలి. వెంట్రుకవాసి ఎక్కువ దిగితే లోపల చోటు తగ్గి, తుపాకీ కాల్చినవాడి మొహం మీదే పేలవచ్చని నాన్న చెప్పేవాడు.

ఒక శుక్రవారం యజమాని స్నేహితులతో ఎడారిలోకి వెళ్తూ, వడ్డించడానికి మమ్మల్నీ తీసుకెళ్ళాడు. అన్నాలయ్యాక యజమాని నాన్న చేతిలో ఒక తూటా పెట్టాడు. నాన్న జేబులోంచి వెర్నియర్ తీసి కొలిచి చూశాడు. గుండు బాగా లోపలికి దిగి ఉంది.

"ఇది నేను చేసింది కాదు సార్," అన్నాడు.

"ఇంకెవరు చేశారు? నన్ను చంపాలనా? యల్లా, ఊఁ కానీ, నువ్వే కాల్చు."

నాన్న అందరి మొహాలూ చూశాడు. ఎవరూ వద్దనలేదు. "పాపని కారు వెనక్కి తీసుకుపో," అని అమ్మతో అన్నాడు. అమ్మ నా చెవులు మూసింది కానీ కళ్ళు మూయడం మరిచిపోయింది. నాన్న తుపాకీ భుజానికి ఆనించి, మొహం పక్కకి తిప్పుకుని మీట నొక్కాడు.

ఏమీ పేలలేదు. అది తమాషాకి చేయించిన, మందు లేని ఉత్తుత్తి తూటా. యజమాని పొట్ట పట్టుకుని నవ్వాడు, స్నేహితులు నవ్వారు. నాన్న ప్యాంటు తడిసి ఉంది. కాసేపటికి నాన్న కూడా నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు నాన్న మళ్ళీ అదే బల్ల దగ్గర కూర్చున్నాడు. నేను దగ్గరికెళ్ళి మెల్లగా అన్నాను: "నాన్నా, ఒక్కటి లోతుగా నొక్కెయ్. ఎవరికీ తెలీదు."

తిడతాడనుకున్నాను. నాన్న తలెత్తకుండానే, "పొద్దున్నుంచీ నా బుర్రలోనూ అదే తిరుగుతోందమ్మా," అన్నాడు. "అందుకే ఇవాళ కొలిచిందే మళ్ళీ కొలుస్తున్నా. నా చెయ్యి మీద నాకే నమ్మకం లేదు."

చీకటి పడేదాకా అలా కొలుస్తూనే ఉన్నాడు. వాటిల్లో ఒక్కటీ తేడా రాలేదు. యజమాని మాత్రం ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ ఆ తమాషా చెప్పేవాడు, నాన్న టీ కప్పులు అందిస్తుండగానే.

ఇప్పుడు నాకూ జుట్టు నెరిసింది. ఆసుపత్రిలో మందులిచ్చే ఉద్యోగం. నన్ను నలుగురిలో తిట్టిపోసినవాళ్ళే చీటీ పట్టుకుని కిటికీ ముందుకొస్తారు. కోపం రాదని చెప్పను. వచ్చిన రోజున సీసా కిందపెట్టి, ఊపిరి పీల్చుకుని, మొదటినుంచి మళ్ళీ కొలుస్తాను.