చలికి నెమ్మదించిన ఆట

నేను పెంచి చెబుతాను, ముందే ఒప్పుకుంటున్నాను. మీకు తోచినంత తగ్గించుకుని చదవండి. ఒక వీడియో గేమ్ కొనాలా వద్దా అని మా అమ్మాయి మూడు రోజులుగా, అంటే మూడు యుగాలుగా, ఎవరెవరో దాన్ని ఆడుతుంటే ఫోన్లో చూస్తోంది. పక్కన కూర్చున్న పాపానికి నా వేళ్లు నొప్పెడుతున్నాయి. కొనకముందే ఇంత అలసట ఇంతకుముందు ఎక్కడ చూశానా అనుకుంటే, విశాఖ మన్యంలో ఎనభైల నాటి చింతపల్లి, అక్కడి మా పెదనాన్న గుర్తొచ్చారు.

ఆయన కాఫీ తోటలో మేస్త్రీ. సంతలో తేనె అరచేతిలో వేయించుకుని నాకేవారు, మిరియం కొరికేవారు, కోడిని చంకన పెట్టుకుని సంతంతా తిప్పి, దాని స్వభావం తెలిశాకే బేరం మొదలెట్టేవారు. ఒక చలికాలం ఆయన కూతురు, మా అక్క, మిరియాలు కోస్తూ నిచ్చెన మీంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. నడుం దగ్గర్నుంచి పాదం దాకా కట్టు. గోడ మీద బల్లులకి పేర్లు పెట్టి, వాటికి సంబంధాలు కూడా కుదిర్చింది. తర్వాత మాటలు తగ్గించింది. ఆ మౌనానికే భయపడ్డారు పెదనాన్న. విశాఖ నుంచి ఓడల్లో దిగిన ఫారిన్ సరుకు తెచ్చే జీపు డ్రైవరుతో, మంచం మీద ఆడుకునేదేదైనా తెమ్మన్నారు.

అతను పొద్దున్నే వచ్చాడు. నిన్న కొట్టిన హారను ఇవాళ వినపడేటంత పొగమంచు. అరచేతిలో పట్టే వీడియో గేములు రెండు తెచ్చాడు. నచ్చనిది వెంటనే తిరిగిచ్చేయాలి. జేబులోంచి తీసిన ఆటలో కారు తారాజువ్వలా దూసుకుపోయింది. జీపు ముందు అద్దం దగ్గర మంచుకి తడిసిన రెండోదాంట్లో, చెట్టు మీంచి రాలే కాయల్ని బుట్టలో పట్టాలి. ఆ కాయ రాలేలోగా పెదనాన్న రెండుసార్లు ఆవులించారు.

"నీరసంగా నడత్తంది మేస్త్రీ గారూ, కారుదే తీసుకోండి" అన్నాడు డ్రైవరు.

"మంచం మీదున్న గుంటకి పరుగెందుకురా? ఇదే ఇచ్చీ" అన్నారాయన.

తీరా అక్క రగ్గు కింద పెట్టుకుని ఆడితే, ఆ వెచ్చదనానికి కాయలు వడగళ్లలా కురిశాయి. చలికి తెర బిగుసుకుని నెమ్మదిస్తుందని మాకెవరికీ తెలీదు. పెదనాన్న మొహం వాడిపోయింది. జన్మలో మొదటిసారి పరీక్ష తప్పారు. అక్క ఆ మొహం చూసింది.

"కిటికీ బేగి తియ్యరా" అంది మంచం పక్కనే ఉన్న నాతో. ఆటని కిటికీలో ఆరబెట్టినట్టు పెట్టించి, చల్లారాక తీసుకుని ఆడింది. కాయలు మళ్లీ బద్ధకంగా రాలాయి.

"నువ్వు సూసిందే నిజం నాన్నా, నిదానమైందే ఇది" అంది. అప్పట్నుంచి రోజూ కిటికీ తియ్యడం, ముయ్యడం నా ఉద్యోగం. లక్ష కాయలు పట్టింది. ఉగాదికి లేచి నడిచింది.

లక్ష అన్నది నా అలవాటు, మీరు తగ్గించుకునే ఉంటారు. నిజంగా నేను కల్పించింది ఉగాది ఒక్కటే. ఎముక అతుకు సరిగా పడక మళ్లీ కట్టు కట్టారు. అక్క నడిచింది ఆ పై ఉగాదికి. ఆ మధ్య ఏడాదిని నేను ఒక్క వాక్యంలో దాటేశాను. అక్క దాన్ని కాయ కాయగా పట్టుకుంది.