ముప్పాతిక ఓట్లు రాని సూర్యం

నిన్న పొద్దున మాధవి ఫోన్ చేసింది. "అంకుల్, డాడీ పోయారు" అంది.

"అదేమిటమ్మా, నిన్న సాయంత్రమేగా నాతో గంటసేపు పోట్లాడాడు" అన్నాను. అంతకంటే తెలివైన మాట నోటికి రాలేదు. జీవితమంతా కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పినవాణ్ని.

నిద్రలోనే గుండె ఆగిందట.

మొన్నటి పోట్లాట దేనిమీదో తెలుసా? బేస్‌బాల్ మీద.

సూర్యం విజయనగరం కరెంటాఫీసులో రిటైరై, భార్య పోయాక అమెరికాలో, ఐసెలిన్‌లో ఉన్న కూతురు మాధవి దగ్గరికి వచ్చాడు. పగలంతా ఇంట్లో ఒక్కడే. టీవీలో మాటలు అర్థమయ్యేవి కావు. ఆట అర్థమైంది. మొదటి వేసవి "ఇదేం బిళ్లంగోడు" అని తిట్టాడు. రెండో వేసవికి మాకు పాఠాలు చెప్పడం మొదలెట్టాడు.

మా సీనియర్ల క్లబ్ శనివారాలు లైబ్రరీలో కలుస్తుంది. ఏటా చలికాలంలో, బేస్‌బాల్ మహామహుల మ్యూజియం హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎవరు ఎన్నికయ్యారో వార్త వచ్చే ముందు, సూర్యం మా అందరి చేతా ఓట్లు వేయించేవాడు. అసలు ఎన్నికలో ఓటు వేసేది పత్రికల వాళ్లు. ముప్పాతిక మంది ఒప్పుకుంటేనే ఆటగాడికి అక్కడ చోటు. మా దగ్గరా అదే రూల్. మాలో సగం మందికి ఆ ఆటగాళ్లెవరో తెలియదు. అయినా సూర్యం మొహం చూసి వేసేవారు.

మన సిక్సర్లలాంటి హోమ్‌రన్లు బాదిన ఒక వీరుడి దగ్గర మాత్రం మా ఇద్దరికీ ఎప్పుడూ తగువే. కండలు పెంచే మందులు వాడి కొట్టాడని అతన్ని ఏటా పక్కన పెడుతున్నారు.

"ఏటి మాస్టారూ, మందు మింగితే బంతి దానంతటదొచ్చి బ్యాటుకి తగుల్తాదేటి? చూపు ఆడిది, చెయ్యి ఆడిది" అనేవాడు సూర్యం.

"చెయ్యి వాడిదే. కండ మందుల షాపువాడిది."

"అది మ్యూజియమండీ బాబూ, గుడి కాదు. జరిగింది జరిగినట్టు చూపించాల. నచ్చనోడి ఫొటో పీకేస్తే ఆట జరగనట్టేనా?"

"క్యారెక్టర్ కూడా చూడమని రూల్లోనే ఉందయ్యా."

"అదే తప్పంటన్నాను. పరుగులు తూచడానికి తక్కెడుంది. క్యారెక్టర్ తూచే తక్కెడ ఎవడి దగ్గరుందండీ?"

నేను ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఆ ఆటగాడికి నా ఓటు లేదు. మనిషి పోయాడని అభిప్రాయం మార్చుకుంటే సూర్యమే నన్ను తిడతాడు.

ఆ ముప్పాతిక రూల్ అతనికి ఎంత నచ్చిందంటే, ఉగాదికి క్లబ్ తరఫున ఒకరికి శాలువా కప్పే సన్మానానికీ అదే పెట్టించాడు. అంతకుముందు మా అధ్యక్షులవారు ఎవరి పేరు చెబితే వారికే శాలువా. ఆయన ఒప్పుకున్నారు, ఒక షరతు మీద. "అమెరికా వాళ్లకే క్యారెక్టర్ రూల్ ఉంటే మనకి లేకపోవడం సిగ్గుచేటు కదండీ" అన్నారు.

సూర్యం వద్దని వాదించాడు. ఓడిపోయాడు.

తర్వాత సూర్యం జీవితంలోకి కమలగారు వచ్చారు. కరీంనగర్ ఆవిడ. రిటైర్డ్ నర్సు. భర్త పోయి చాలాకాలమైంది. ఇద్దరికీ వాకింగ్‌లో పరిచయం. కొన్నాళ్లకి ఒకే ఇంట్లో ఉండసాగారు. పెళ్లి చేసుకోలేదు. "ఈ వయసులో బాసికం కడితే కళ్లజోడుకి అడ్డొస్తాది మాస్టారూ" అని నవ్వేవాడు.

కిందటేడు ఉగాదికి నేను సూర్యం పేరు చెప్పాను.

క్లబ్‌లో అతని సాయం పొందనివాళ్లు లేరు. కొత్తగా వచ్చినవాళ్లకి బస్సులు ఎక్కడం నేర్పాడు. డాక్టర్ల దగ్గరికి తోడు వెళ్లాడు. సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూకి ప్రశ్నలు బట్టీ పట్టించాడు. అధ్యక్షులవారికీ అతనే పట్టించాడు. సెనేటర్లు ఎంతమందో చెప్పలేక తమరు తడబడిన సంగతి నాకు గుర్తుంది సార్.

ఆ అధ్యక్షులవారే లేచి, "పర్సనల్‌గా సూర్యంగారంటే నాకు ప్రాణమండీ. కానీ ఫంక్షన్‌కి మన కూతుళ్లొస్తారు, కోడళ్లొస్తారు. వాళ్లకేం చెబుతాం?" అన్నారు.

సూర్యం అక్కడే కూర్చుని ఉన్నాడు.

చేతులు లేచాయి. సగం దాటాయి. ముప్పాతిక కాలేదు.

"లెక్క కరెక్టేనండి" అన్నాడు సూర్యం. అలవాటు ప్రకారం కుర్చీలు మడిచి గోడకి చేర్చాడు. మళ్లీ క్లబ్‌కి రాలేదు. నాతో పోట్లాడాలంటే మా ఇంటికే వచ్చేవాడు.

నిన్న మధ్యాహ్నానికి క్లబ్ వాట్సాప్ గ్రూప్ నిండా దండం బొమ్మలు. "తీరని లోటు" అని అధ్యక్షులవారు. ఆదివారం సంతాప సభట. ఫొటోకి శాలువా కప్పుతారట.

సార్, బతికుండగా ఈసడించి, పోయాక ఊరేగించిన కథలు చరిత్ర నిండా చదివాను. మీది వాటిలో బాగా చిన్నది. నేను రాను.

అధ్యక్షులవారు అంతటితో ఆగలేదు. మాధవికి ఫోన్ చేసి, రేపు కడసారి చూపుకి ఫ్యూనరల్ హోమ్‌కి కమలగారు రాకపోతే కుటుంబానికి గౌరవంగా ఉంటుందని సలహా ఇచ్చారు. ఆ పిల్ల అసలే ఏడుపులో ఉంది. ఏమీ తేల్చుకోలేక ఆవిడకి ఆ మాటే చేరవేసింది.

కమలగారు నాకు ఫోన్ చేశారు.

"మాస్టర్ సాబ్, నన్ను రావద్దన్నట్టు మాట్లాడుతున్నరు. ఆయనకు మందు గోళీలు నేనే ఇచ్చిన, కాళ్లు నేనే ఒత్తిన. ఒక్కసారి మొఖం చూసి పోత. వెనకాల్నే నిలబడ్త. గదిగూడ తప్పేనా?"

ఇన్ని పుస్తకాలు చదివాను. అది తప్పని ఎక్కడా లేదన్నాను, రేపు తయారుగా ఉండమన్నాను.

మాధవీ, ఇది నువ్వూ చదువుతావు. మీ నాన్నని రేపటి తర్వాత ఎవరమూ చూడలేం. ఆవిడా చూడలేరు. కనుక నేను కమలగారిని తీసుకునే వస్తున్నాను. మా కోడలు డ్రైవ్ చేస్తానంది. ఎందుకని ఒక్క మాట అడగలేదు. తలుపు దగ్గర మమ్మల్ని ఎవరైనా ఆపితే గొడవ పడను. మీ నాన్న ముందు అరుపులు వద్దు. ఆయన్ని బయటికి తెచ్చేదాకా ముగ్గురం మంచులో, పార్కింగ్‌లోనే నిలబడతాం. వచ్చేపోయే వాళ్లంతా చూస్తారు. చూడనీ.

వెళ్లిరా సూర్యం. ఎవరి ఓటూ అక్కర్లేని చోట నీ ప్రాణం కుదుటపడాలి.